మూడేళ్లుగా 3018 మిల్లింగ్ మిషను: రొయ్యల చెరువు పెట్టెలకు బోర్డులు ఇంట్లోనే

భీమవరంలో నాది చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. రాత్రిపూట కరెంటు పోయి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే రైతుకు ఫోను చేసే పెట్టెలు తయారుచేస్తాను. మూడు ఫేజుల్లో ఒక్కటి పోయినా అది మోగాలి. రెండు ఫేజుల మీదే లాగితే మోటారు వైండింగు కాలిపోద్ది, తెల్లారేసరికి చెరువులో రొయ్య తేలిపోద్ది.

ఆ పెట్టెల్లోని సర్క్యూట్ బోర్డుల కోసం మొదట్లో రాగి పలక మీద ఇస్త్రీపెట్టెతో టోనరు (ప్రింటరు పొడి) గీతలు అంటించి, మిగతా రాగిని ఫెర్రిక్ క్లోరైడులో కరిగించేవాణ్ణి. గచ్చు మీద పడ్డ పసుపు మరకలు ఇప్పటికీ పోలేదు. అంతకన్నా పెద్ద చిక్కు, వాడేసిన ద్రావకం ఎక్కడ పారబోయాలన్నది. మా వీధి నీళ్లు చివరికి కలిసేది యనమదుర్రు డ్రెయిన్లో. రాగి కరిగిన నీళ్లు రొయ్యకు విషం. సీసాల్లో నింపి మంచం కింద ఎన్నాళ్లని దాస్తాం? 2022లో 18 వేలు పోసి 3018 కొన్నాను. 30 × 18 సెంటీమీటర్ల జాగాలో తిరుగుతూ, సూదిలాంటి కత్తితో రాగిని చెక్కే చిన్న మిషను. లోపల దాన్ని నడిపే ప్రోగ్రాము జీఆర్‌బీఎల్, తలకు సూదిని తిప్పే 775 మోటారు. బోర్డు కైక్యాడ్‌లో గీసి, ఫ్లాట్‌క్యామ్‌లో సూది నడవాల్సిన బాట తీసి, క్యాండిల్‌తో నడుపుతాను. మూడూ ఉచితమే.

కొన్నాక మొదటి రెండు నెలల్లో బాగా వచ్చిన బోర్డు ఒక్కటీ లేదు. బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. బోర్డు ఓ మూల పావు మిల్లీమీటరు పైకి లేచినా, ఓ పక్క సూది గాల్లో తిరుగుద్ది, రెండో పక్క రాగి కింది గాజు పీచు పలకలోకి దిగిపోద్ది. సూది కొన వి ఆకారంలో ఉంటుంది కాబట్టి ఎంత లోతుకు దిగితే గాడి అంత వెడల్పు. 30 డిగ్రీలది, కొన 0.1 మిల్లీమీటరుది తీసుకుంటే, 0.1 లోతులో గాడి 0.15 వస్తుంది, 0.2 లోతులో 0.2 దాటుద్ది. కరెంటు పారాల్సిన సన్న రాగి దారులు అక్కడే ఎగిరిపోయేవి.

దీనికి మందు మిషన్లోనే ఉంది, నాకే ఆలస్యంగా తెలిసింది. కంట్రోలరు మీద ఏ5 పిన్ను దగ్గర రెండు తీగలు తగిలించి, ఒక క్లిప్పు రాగికి, ఒకటి సూదికి పెడితే, సూది బోర్డంతా తాకుతూ ఎక్కడ ఎంత ఎత్తుందో లెక్క రాసుకుంటుంది. దీన్నే ప్రోబింగు అంటారు. 80 × 60 మిల్లీమీటర్ల బోర్డుకి పదేసి మిల్లీమీటర్ల దూరంలో 63 చోట్ల తాకుద్ది. ఐదారు నిమిషాల పని. తొందరలో ఇది వదిలేసిన ప్రతిసారీ బోర్డు పోయింది. నిన్నటి లెక్క ఇవాళ వాడుకుందామన్నా కుదరదు, ముఖ్యంగా మన వానాకాలంలో. కింద వేసిన ఎండీఎఫ్ చెక్క తేమ పీల్చి ఉబ్బుద్ది. ఇప్పుడు శ్రావణంలో ఓసారి, సంక్రాంతికి ఓసారి ఆ చెక్క పైపొర మిషనుతోనే గీసేస్తున్నాను. కడ్డీలకు, స్క్రూలకు కుట్టుమిషను నూనె రాయకపోతే నెలలో తుప్పు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఈ మిషను రాగి అంతా తీయదు, దారుల చుట్టూ గాడి మాత్రమే గీస్తుంది. ఐదు వోల్టులకు చాలు. నా మొదటి పెట్టెలో 415 వోల్టుల దారుల మధ్య కూడా అదే సన్న గాడి వదిలేశాను. బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. చెరువు గట్టున మంచు, ఉప్పు తేమ పట్టాక ఓ రాత్రి గాడి మీదుగా నిప్పు పాకి బోర్డు బొగ్గయింది. రైతు పొద్దున్నే పెట్టె పట్టుకొచ్చాడు. "ఏవండీ, ఇది కరెంటు పోతే మోగుద్దన్నారు, ఉంటే కాలుద్దని చెప్పలేదే!" ఆయన కోపంలో న్యాయముంది. ఆ రోజు నుంచి ఫేజుల మధ్య 6 మిల్లీమీటర్ల మేర రాగి మొత్తం చెక్కేస్తాను, ఎక్కువ వోల్టుల వైపు నుంచి తక్కువ వోల్టుల వైపుకు వెలుగుతో సంకేతం పంపే ఆప్టోకప్లర్ కింద బోర్డుకి అడ్డంగా సందు కోసేస్తాను. ఫెర్రిక్ క్లోరైడు రోజుల్లో ఆ సందు కోసం రంపం పట్టాల్సొచ్చేది. అన్నీ అతికాక వైండింగు షాపులో వాడే వార్నిష్ రెండు పూతలు వేస్తాను.

దుమ్ము గురించి తేలిగ్గా తీసుకోవద్దు. బోర్డు పలక ఎఫ్ఆర్4, దాని పొడి అంటే గాజు పీచు, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మా ఆవిడ ఒక్క రోజు చూసి మిషనుని పెరట్లో రేకుల గదికి సాగనంపింది. మాస్కు, వ్యాక్యూమ్, తడిగుడ్డ లేకుండా నేనూ అటు వెళ్లను.

మిషను మోటారు బ్రష్‌ల నిప్పురవ్వలకు ల్యాప్‌టాప్‌తో యూఎస్‌బీ లింకు మధ్యలో తెగిపోయేది. మోటారు కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు పెట్టాక తగ్గింది. కరెంటు పోతే చెప్పే పెట్టె చెక్కుతుండగానే కరెంటు పోయి బోర్డు పాడైన సందర్భాలూ ఉన్నాయి, నవ్వకండి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌, మిషను రెండూ యూపీఎస్ మీదే.

చిల్లుల లోపల రాగి పూత రాదు. రెండు వైపుల బోర్డయితే చిల్లుల్లో తీగ దూర్చి, పైనా కిందా అతకాలి. వైండింగు షాపు తీగ ముక్కలే వాడతాను, ఎనామిల్ గీకి. పదికి మించిన ఆర్డరు వస్తే బయట చేయిస్తాను. మిషను మీద చేసేది కొత్త డిజైను మొదటి బోర్డే. మధ్యాహ్నం గీసింది రాత్రికి చేతిలో ఉంటుంది.

పక్క వీధి డిప్లొమా కుర్రాడు ఇదే కొందామని సలహాకొచ్చాడు. "నెలకెన్ని బోర్డులు చేస్తావురా?" అంటే "ఒకటో రెండో బాబాయ్" అన్నాడు. కొనొద్దు, వచ్చి నా దాని మీద చేసుకో అన్నాను. ఇప్పుడు ఆదివారాలు మిషను వాడిదే. పోయిన వారం ప్రోబింగు చేయకుండా మొదలెట్టాడు. నేను చూస్తూ ఊరుకున్నాను.