షెల్టర్‌కి ఒకరోజు భోజనమా, నెలనెలా డబ్బా: ఏది మేలు?

పిల్లల పుట్టినరోజులు, పెద్దల తిథులు దగ్గరపడేసరికి తెలిసినవాళ్ల నుంచి నాకు ఒకటే ఫోను. "షెల్టర్‌లో కుక్కలకి ఒకరోజు భోజనం పెట్టిద్దామనుకుంటున్నాం. అది మంచిదా, డబ్బులే ఇచ్చేయమంటారా?" నేనూ చాలా ఏళ్లు నాన్నగారి తిథికి భోజనమే పెట్టించాను. పోయిన ఉగాది నుంచి దానికయ్యే పన్నెండు వేలనే నెలకు వెయ్యి చొప్పున పంపుతున్నాను. ఫలానా పనికే వాడాలని కూడా చెప్పడం లేదు.

భోజనం గురించి ముందు మంచి మాటే చెప్పాలి. పెద్ద డేగిసాలో నూకలు, కోడి మెడలు, కాళ్లు, గుమ్మడికాయ ముక్కలు, కాస్త పసుపు వేసి ఉడికిస్తుంటే ఆ వాసనకే కుక్కలుండే గదుల్లో (కెన్నెళ్లలో) తోకలాడటం మొదలవుతుంది. ఉల్లిపాయ మాత్రం వేయరు, కుక్కలకి అది విషం. మా అమ్మాయికి కుక్కలంటే ఉన్న భయం అక్కడే పోయింది, మూడు కాళ్లతో కుంటుతూ వచ్చిన ఒక ముసలి కుక్క ముందు తన చేత్తో సత్తుగిన్నె పెట్టిన రోజున. ఇంట్లో కూర్చుని డబ్బు పంపితే ఆ లాభం రాదు.

చిక్కంతా రోజులతోనే. ఆదివారాలు, పండగలు, సెలవు రోజుల్లో ఒకేరోజు ముగ్గురు నలుగురు భోజనం పెడతామని వస్తారు. మంగళవారం, బుధవారం అడిగేవాళ్లుండరు. కుక్క కడుపుకి మన క్యాలెండర్‌తో పనిలేదు. అందుకే భోజనమే పెట్టించాలనుకుంటే, మీకు నచ్చిన తేదీ చెప్పకుండా "మీకు ఖాళీగా ఉన్న రోజేది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో మీ దానం విలువ రెట్టింపవుతుంది.

వస్తువులిచ్చేవాళ్లు కొనేముందు ఒకసారి ఫోన్ చేయండి, అంతే. గ్లూకోజ్ బిస్కెట్లు కార్టన్ల కొద్దీ వస్తాయి, వాటిలో ఉన్నదంతా చక్కెర, మైదా. ఇంకొకటి ఫినాయిల్. శుభ్రంగా ఉంచుతారని మంచి మనసుతోనే క్యాన్లు తెచ్చిస్తారు. కానీ కుక్కపిల్లల్ని చంపే పార్వో వైరస్ ఫినాయిల్‌కి సరిగ్గా లొంగదు, బ్లీచింగ్‌కి లొంగుతుంది. పైగా ఫినాయిల్ పిల్లులకి హాని. పాత దుప్పట్లు, టవళ్లు, పాత పేపర్లు మాత్రం ఎన్నిచ్చినా ఏడాది పొడుగునా పనికొస్తాయి.

ఇక నన్ను మార్చిన సంగతి. పోయిన ఏడాది మా వీధి చివర ఇసుక కుప్ప దగ్గర రెండు నెలల కుక్కపిల్ల దొరికింది. వాంతులు, నెత్తుటి విరేచనాలు. పార్వో. ఊరి బయటున్న షెల్టర్‌కి తీసుకెళ్లేసరికి సాయంత్రం ఆరు దాటింది. డాక్టరుగారు వెళ్లబోతూ ఆగి, ముందుకాలికి జుట్టు గీసి, పసిపిల్లలకి వాడే పసుపు రంగు సన్నటి కాన్యులా (నరంలోకి పెట్టే గొట్టం) పెట్టి సెలైన్ ఎక్కించారు. మందులున్నాయి, బాటిళ్లున్నాయి. రాత్రంతా పక్కన కూర్చునే మనిషే లేడు. జీతం రెండు నెలలు ఆలస్యమైందని రాత్రి డ్యూటీ కుర్రాడు పని మానేసి పదిహేను రోజులైందట. పిల్ల కాలు ముడుచుకుంటే సెలైన్ ఆగిపోతుంది. వేగం ఎక్కువైతే ఆ చిన్న ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఎవరో ఒకరు చూస్తూ ఉండాల్సిందే. చివరికి షెల్టర్ చూసుకునే ఆవిడే స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేనూ ఉంటానంటే నవ్వి అన్నారు: "మందులు అడిగితే సాయంత్రానికల్లా వచ్చేస్తాయండీ. రాత్రి మేలుకునే మనిషికి జీతం అడిగితే మాత్రం ఎవరూ ఇవ్వరు."

ఆ పిల్ల నాలుగో రోజు గంజి నాకింది.

నాకు నిర్ణయం అక్కడే అయిపోయింది. షెల్టర్ నడిచేది మనుషుల చేతుల మీద. కెన్నెళ్లు కడిగేవాళ్లు, కట్లు మార్చేవాళ్లు, అంబులెన్స్ డ్రైవరు, రాత్రి కాపలా. జీతానికి ఫొటో ఉండదు, దాని మీద మన పేరు రాయించుకోలేం. అందుకే దానం అటు పోదు. "ఇది తిండికే", "ఇది మందులకే" అని ముడేసి ఇచ్చిన డబ్బు ఆ ముడి దాటి కదలలేదు. ఏ షరతూ లేకుండా నెలనెలా వచ్చే వెయ్యి రూపాయలు ఒకేసారి వచ్చే పన్నెండు వేలకన్నా బలమైనవి, ఎందుకంటే వాటిని నమ్ముకుని ఒక మనిషిని పనిలో పెట్టుకోవచ్చు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని షెల్టర్లకి తరలించాలని, తిరిగి అక్కడే వదలొద్దని చెప్పింది. అంటే షెల్టర్లలో ఏళ్ల తరబడి ఉండిపోయే కుక్కలు పెరుగుతాయి, వాటిని చూసుకునే చేతులూ పెరగాలి.

షరతు లేకుండా ఇస్తే ఏం చేస్తారో ఎలా తెలుస్తుందని అడుగుతారు. అడగాల్సిందే. ఏడాది లెక్కలు చూపించమనండి. జీతాల ఖర్చు ఎక్కువగా కనిపిస్తే అనుమానపడకండి. ఎన్ని వచ్చాయి, ఎన్ని కోలుకున్నాయి, ఎన్ని పోయాయి అని కూడా అడగండి. పోయినవాటి లెక్క దాచకుండా చెప్పే చోటునే నేను నమ్ముతాను.

నెలవారీ డబ్బుకి నిజంగా పోటీ ఇవ్వగలిగింది ఒక్కటే, కుక్కలకి పిల్లలు పుట్టకుండా చేసే కు.ని. ఆపరేషన్లకి, రేబిస్ టీకాలకి ఇవ్వడం. ఆడకుక్క గర్భం దాదాపు 63 రోజులు, ఏడాదికి రెండుసార్లు ఎదకి రావచ్చు, ఈతకి నాలుగైదు పిల్లలు. వాటిలో ఎక్కువ రోడ్డు మీదే పోతాయి, కొన్ని పైన చెప్పిన పిల్లలా సెలైన్ దాకా వస్తాయి. ఊళ్లోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో పోయినప్పుడు, "కుక్కలకి దానమేంటి" అని నన్ను నిలదీసినవాళ్లున్నారు. ఆ బాబు తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ వాదనా నిలవదు. కానీ ఇంకో ఇంట్లో అలా జరగకుండా ఉండాలన్నా దారి ఈ ఆపరేషన్లే. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఈ పని బాధ్యత మున్సిపాలిటీ, పంచాయతీలదే, జంతు సంక్షేమ బోర్డు గుర్తింపున్న సంస్థలే చేయాలి. మీ దగ్గర అలాంటి సంస్థ ఉంటే నిశ్చింతగా ఇవ్వండి. ఒక్కటి మాత్రం కనుక్కోండి: మీరిచ్చేది కత్తి, కుట్లకేనా, ఆ తర్వాత కుక్కని నాలుగు రోజులు ఉంచుకుని చూసే ఖర్చు కూడా అందులో ఉందా?

ఒక కుక్క పేరున నెలనెలా కట్టే దత్తత పథకాలు పిల్లలున్న ఇళ్లకి బాగుంటాయి. సోషల్ మీడియాలో వచ్చే చందా విన్నపాలకి, ఆ జంతువు ఏ ఆసుపత్రిలో ఉందో ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపండి.

పన్ను సంగతి. విరాళాలకి వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు (80జి అని పిలిచేది) పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అదీ డబ్బుగా ఇస్తేనే. బియ్యం బస్తాలకి, మందులకి రాదు. నగదైతే 2,000 రూపాయలు దాటితే చెల్లదు. అమెరికాలో ఉంటున్నవాళ్లు ఒకటి చూసుకోవాలి: ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే మామూలు బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కింద లెక్క, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థకే పంపాలి. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన జంతు సంక్షేమ సంస్థ బ్లూక్రాస్ అయినా, విశాఖలో జంతువుల్ని కాపాడే సంస్థ ఎస్‌పీసీఏ అయినా, మీ ఊళ్లో చిన్న షెల్టరైనా ముందు ఈ మాట అడిగాకే పంపండి.

నా వెయ్యి ప్రతినెలా ఐదో తేదీన దానంతటదే వెళ్లిపోతుంది. అక్కడ జీతాలు ఏడున ఇస్తారని కనుక్కుని ఆ తేదీ పెట్టాను.