గన్‌పౌడరా, చున్‌మీనా? బొమ్మ చూసి కొంటే దెబ్బే

పారిస్ శివార్లలో మా ఇంటి కింద మొరాకో వాళ్ల కొట్టు ఉంది. అందులో ఒక అర నిండా చైనా గ్రీన్ టీ పెట్టెలే, గన్‌పౌడర్, చున్‌మీ అనే రెండు రకాలు. ఒంటె బొమ్మ, గుడి బొమ్మ, అరబిక్, ఫ్రెంచి అక్షరాలు. చైనా గ్రీన్ టీకి పెద్ద గిరాకీ మొరాకోదే కాబట్టి పెట్టె కూడా వాళ్లకి నచ్చేలాగే తయారవుతుంది. మొదట్లో నేను బొమ్మ బాగున్నదల్లా కొనేసేవాణ్ణి. అసలు చూడాల్సింది చిన్న అక్షరాల్లో ఉండే నంబరు.

చైనాలో ప్రభుత్వ సంస్థలే ఎగుమతి చేసిన రోజుల్లో రకరకాల తోటల ఆకు కలిపి, ఒక నమూనాకి సరితూగేలా చేసి, దానికో నంబరిచ్చేవాళ్లు, కొనేవాడికి ఏటా అదే రుచి అందాలని. చున్‌మీలో 41022 మేలురకం, తర్వాత 9371, అక్కణ్ణుంచి 9370, 9369 అంటూ దిగుతుంది. గన్‌పౌడర్‌లో 3505 పైది, ఆ తర్వాత 9372, 9373, 9374 అలా. గమనించారా, ఒకదాంట్లో అంకె తగ్గేకొద్దీ నాసి, ఇంకోదాంట్లో పెరిగేకొద్దీ నాసి! ఎవడు పెట్టాడో గానీ.

గన్‌పౌడర్ అంటే ఆకుని మిరియం గింజలా గట్టిగా చుట్టేస్తారు. గాజు గ్లాసులో నాలుగు గింజలు వేసి వేడినీళ్లు పోస్తే కాసేపు అడుగున కదలకుండా ఉండి, ఆ తర్వాత ఒక్కోటీ మెల్లగా విచ్చుకుంటుంది. చూస్తూ కూర్చుంటే టైమే తెలియదు. కాస్త పొగ వాసన, వగరు ఎక్కువ. ఇందులో పాతకాపు టెంపుల్ ఆఫ్ హెవెన్ అనే బ్రాండు, ఆకుపచ్చ అట్టపెట్టె. బొమ్మలోని గుడి బీజింగ్‌ది, లోపలి టీ తూర్పు చైనాలోని జెజియాంగ్‌ది, అయినా అమ్ముడుపోతూనే ఉంది. పుదీనా, చక్కెర దట్టించి మరిగించేవాళ్లకి ఇదే సరి, ఎంత తీపి వేసినా దీని రుచి నిలబడుతుంది.

చున్‌మీ ఆకు కనుబొమ్మలా సన్నగా వంగి ఉంటుంది, పేరుకి అర్థమూ దాదాపు అదే. కొంచెం పులుపు తగులుతుంది. చక్కెర లేకుండా తాగే నాలాంటివాడికి 41022 హాయిగా ఉంటుంది, కాకపోతే సలసల కాగే నీళ్లు పోశారో చేదే, 80 డిగ్రీల దగ్గర ఆపాలి.

ఇక అట్టపెట్టెనా, రేకు డబ్బానా? అట్టపెట్టె చవక, నెలలో అయిపోయేలా తాగితే ఏ ఇబ్బందీ లేదు. నేనేమో సగం వాడిన పెట్టెని వంటింటి అరలో ఇంగువ పక్కన పెట్టి ఊరెళ్లాను. తిరిగొచ్చాక మొదటి గుక్కకే పులిహోర గుర్తొచ్చింది! టీ ఆకు పక్కనున్న వాసనంతా లాగేసుకుంటుంది. ఆ దెబ్బతో ఇప్పుడు కొన్నరోజే బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలోకి మార్చేస్తున్నా. రేకు డబ్బాకి ఎక్కువ డబ్బు పెట్టడం మాత్రం నాకు దండగ అనిపిస్తుంది, ఆ తేడాతో ఒక మెట్టు పై నంబరు కొనుక్కోవచ్చు.

ఇంట్లో ఒక్కటే ఉంచుకోమంటే 41022 అంటాను. వారానికోసారి పుదీనా టీ పెట్టుకునే ఇల్లయితే పక్కన చిన్న 3505 పెట్టె కూడా. కొట్టువాడు వదులుగా తూచి ఇచ్చేదైతే ఓసారి గుప్పిట్లోకి తీసుకుని జారవిడవండి, అరచేతికి పొడి బాగా అంటుకుంటే నంబరు ఏదైనా సరే వదిలేయండి.