టీమక్స్ ఆటోస్టార్ట్: షెల్ ఫైల్లో పెట్టడం మేలా, ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లోనా?

సర్వర్ మీద గంటల తరబడి నడిచే పని పెట్టాక నెట్ పోయినా, టీమక్స్ (కనెక్షన్ తెగినా సర్వర్ మీద టెర్మినల్ సెషన్‌ను నడుస్తూ ఉంచే ప్రోగ్రామ్) లోపల పెట్టినవాళ్లకు టెన్షన్ లేదు. మళ్లీ కనెక్టయి అటాచ్ చేసుకుంటే, అంటే ఆ సెషన్‌లోకి తిరిగి వెళ్తే, పని అలాగే నడుస్తూ కనిపిస్తుంది. బయట పెడితే మాత్రం షెల్‌తో (మన కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) పాటు పని కూడా సాధారణంగా ఆగిపోతుంది. ప్రతి లాగిన్‌కీ టీమక్స్ తెరవడం గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి, అది దానంతటదే మొదలయ్యేలా చేసుకోవడం మంచిదే. ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న.

ఎక్కువమంది బ్యాష్ఆర్‌సీ (బ్యాష్ అనే షెల్ మొదలైనప్పుడు చదివే సెట్టింగ్స్ ఫైలు) చివర టీమక్స్‌ను తెరిచే ఒక లైను చేరుస్తారు. ఏ మెషీన్ నుంచి లాగినైనా పనిచేస్తుంది, అదే దీని బలం. కానీ రెండు షరతులు తప్పనిసరిగా రాయాలి. టీమక్స్ తెరిచే ప్రతి పేన్‌లోనూ (తెరలో ఒక భాగం) షెల్ ఆ ఫైలును మళ్లీ చదవొచ్చు. అందుకని టీమక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (టీమక్స్ లోపల ఉన్నప్పుడు అదే నింపే విలువ) ఖాళీగా ఉంటేనే మొదలుపెట్టమనాలి. ఇక రెండోది: ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు సర్వర్‌లోకి లాగినయ్యే ప్రోగ్రామ్) ఒక్క కమాండ్ పంపినా బ్యాష్ సాధారణంగా ఈ ఫైలు చదువుతుంది. ఆర్‌సింక్‌తో ఫైళ్లు పంపేటప్పుడు, గిట్ పుష్ చేసేటప్పుడు అవతల టెర్మినల్ ఉండదు. అక్కడ టీమక్స్ అడ్డుపడితే ఆ పని విఫలమవుతుంది. షెల్ ఇంటరాక్టివ్ (మనిషి టైప్ చేస్తూ వాడేది) అయినప్పుడే అన్న షరతు దీనికోసమే. బ్యాష్ఆర్‌సీకి బదులు బ్యాష్ ప్రొఫైల్‌లో పెడితే ఈ బెడద చాలావరకు ఉండదు, ఎందుకంటే దాన్ని లాగిన్ షెల్ మాత్రమే చదువుతుంది.

ఆ లైను ముందు ఎగ్జెక్ పెట్టాలా వద్దా అన్నది ఇంకో చర్చ. పెడితే షెల్ స్థానంలోకే టీమక్స్ వస్తుంది, డిటాచ్ చేయగానే (సెషన్‌ను నడవనిచ్చి బయటికి రాగానే) కనెక్షన్ కూడా ముగుస్తుంది. హాయిగానే ఉంటుంది. కానీ అప్‌గ్రేడ్‌లో లైబ్రరీ తప్పిపోయో, మరోలాగో టీమక్స్ మొదలవకపోతే మామూలుగా లాగినే కుదరకపోవచ్చు. పెట్టకపోతే రెండుసార్లు ఎగ్జిట్ కొట్టాలి, అంతే. రిమోట్ సర్వర్ మీద ఎగ్జెక్ వద్దనే నా గట్టి అభిప్రాయం.

రెండో దారి, మన మెషీన్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.6 (2017) నుంచి రిమోట్‌కమాండ్ అనే ఆప్షన్ ఉంది, కనెక్టవగానే సర్వర్‌లో ఏ కమాండ్ నడపాలో చెప్పడానికి. దానికి టీమక్స్ కమాండ్ ఇచ్చి, రిక్వెస్ట్‌టీటీవై (అవతల టెర్మినల్ కావాలని అడిగే ఆప్షన్) ఆన్ చేస్తే చాలు. కమాండ్‌లో న్యూ-సెషన్‌కు పెద్ద ఎ ఫ్లాగ్, ఒక సెషన్ పేరు ఇస్తే, ఆ పేరుతో సెషన్ ఉంటే అటాచ్ అవుతుంది, లేకపోతే కొత్తది తెరుస్తుంది. ఒక్క చిక్కుంది: ఇలా పెట్టిన హోస్ట్‌కు వేరే కమాండ్ పంపితే ఎస్‌ఎస్‌హెచ్ ఒప్పుకోదు. అందుకే ఒకే సర్వర్‌కు రెండు హోస్ట్ పేర్లు పెట్టుకోవాలి, ఒకటి టీమక్స్‌తో, ఒకటి మామూలుగా.

నా ఓటు దీనికే. షెల్ ఫైలు ఆ అకౌంట్‌తో వచ్చే మనుషులనూ స్క్రిప్టులనూ కలిపి చూస్తుంది, ఇది మాత్రం మనం కావాలని పిలిచినప్పుడే పనిచేస్తుంది. ఏం చెడినా మామూలు పేరుతో లోపలికెళ్లి సరిచేసుకోవచ్చు. రోజుకో కంప్యూటర్ నుంచి లాగినయ్యేవాళ్లకు మాత్రం ప్రొఫైల్‌లో, ఎగ్జెక్ లేకుండా పెట్టడమే నయం.

సొంత ల్యాప్‌టాప్‌లో అయితే టెర్మినల్ సెట్టింగ్స్‌లోనే కమాండ్‌గా టీమక్స్ ఇవ్వొచ్చు. కాకపోతే ఒకే సెషన్ పేరు ఇస్తే ప్రతి విండోలోనూ అదే కనిపిస్తుంది.

ఏ దారి ఎంచుకున్నా సర్వర్‌లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) కిల్‌యూజర్‌ప్రాసెసెస్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే లాగౌట్‌తో టీమక్స్ కూడా పోవచ్చు. అప్పుడు మీ యూజర్‌కు లింగర్ (లాగౌటయ్యాక కూడా ఆ యూజర్ సర్వీసులను నడవనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, టీమక్స్‌ను సిస్టమ్‌డీ యూజర్ సర్వీస్ కింద నడపాలి.