నాయన మూడు సెల్లుల టార్చికి ఏ సెల్లులు సరిపోయాయి: ఆరేళ్ళ వాడకం తర్వాత

అనంతపురం జిల్లా శింగనమల వైపు ఉన్న మా చేనికి రాత్రిపూట కరెంటు ఇచ్చే రోజుల్లో, మోటారు వేయడానికి మా నాయన వెంట తీసుకుపోయిన మూడు సెల్లుల టార్చి ఆరేళ్ళుగా నా దగ్గర ఉంది. దాని మీది నికెల్ పూత చాలాచోట్ల లేచిపోయింది. మీట పక్కన బొటనవేలు ఆనేచోట మాత్రం లోపలి ఇత్తడి నున్నగా, పసుపుపచ్చగా బయటపడింది. ఒక బల్బు, ఒక మీట, అడుగుమూతలో ఒక స్ప్రింగు తప్ప అందులో చెడిపోవడానికి ఏమీ లేదు. ఇబ్బందంతా సెల్లులతోనే.

దీనికి కావలసింది డి సైజు సెల్లు. ఒంటిమీద ఆర్20 అని రాసి ఉంటుంది. ఎత్తు సుమారు 61 మిల్లీమీటర్లు, అడ్డం 33. నాయన కాలంలో బీడీలు, అగ్గిపెట్టెలు అమ్మే బంకులో కూడా దొరికేది. అప్పుడు ఎవరెడీ మంచిదా, నిప్పో మంచిదా అన్నదొక్కటే చర్చ. ఇప్పుడు అనంతపురంలో అడిగితే గడియారాలకూ రిమోట్లకూ వేసే సన్నసెల్లులు తీసి చేతిలో పెడతారు. సుభాష్ రోడ్డులోనూ పాతూరులోనూ తిరిగి తిరిగి, చివరికి గ్యాస్ గీజర్లు బాగుచేసే కొట్టులో కొన్నాను. గీజరులో మంట అంటించే నిప్పురవ్వకు ఈ లావు సెల్లులే రెండు కావాలి కనుక వాళ్ళ దగ్గర సరుకు కదులుతూ ఉంటుంది. పాత కొట్లలో అరమీద దుమ్ముపట్టిన సెల్లులు దొరకవని కాదు గాని, వాడకుండా ఉంచినా సెల్లు తనంతట తానే అరిగిపోతుంది కాబట్టి తేదీ చూడకుండా కొంటే ఇంటికి వచ్చేలోపే దాని పని సగం అయిపోయి ఉంటుంది.

మొదటి రెండేళ్ళూ మామూలు జింక్ కార్బన్ సెల్లులే వేశాను. చవక, వెలుగు మెత్తగా ఉంటుంది, అయిపోయే ముందు కాంతి ఎర్రబడుతూ వారం పదిరోజుల ముందే చెబుతుంది. అయితే ఈ రకంలో జింకు డబ్బానే రుణధ్రువం. కరెంటు ఇస్తున్నకొద్దీ ఆ డబ్బా గోడ కరుగుతూ, పలచబడుతూ పోయి, చివరికి లోపలి ద్రవం బయటికి వస్తుంది. రెండో ఏడు వానాకాలంలో టార్చిని బీరువా మీద పెట్టి నాలుగు నెలలు మరిచిపోయాను. తీసి చూస్తే అడుగుమూత తిరగలేదు. మరలో కిరోసిన్ చుక్కలు వేసి ఒక రాత్రి ఉంచి, మర్నాడు గోనెపట్టతో పట్టి తిప్పితే వచ్చింది. సెల్లు మాత్రం ఉబ్బి గొట్టంలో బిగుసుకుపోయింది. తలభాగం విప్పి, పాత గొడుగు కర్రతో అటునుంచి నెట్టవలసి వచ్చింది. స్ప్రింగు మీద చిలుంపచ్చ పెచ్చులు కట్టింది. కారినది ఆమ్లగుణం గల ద్రవం కనుక వంటసోడాను నీళ్ళలో కలిపి పళ్ళు తోమే బ్రష్షుతో రుద్ది, ఎండబెట్టి, సన్న గరుకుకాగితంతో స్ప్రింగు కొనను మెరిసేదాకా గీసిన తర్వాతే మళ్ళీ వెలిగింది. తప్పు సెల్లుది ఎంతో, తీసిపెట్టని నాది కూడా అంతే.

తర్వాత ఒక ఏడాది ఆల్కలైన్ సెల్లులు వాడాను. ఖరీదు ఎక్కువే అయినా, కోతల ముందు వేరుశనగ చేలో అడవిపందుల కాపలాకు రాత్రంతా వెలిగించేవారికి ఆ డబ్బు దండగ కాదు. రోజుకు ఐదు నిమిషాలు వెలిగించే నాకు మాత్రం వాటి శక్తి వాడుకునే అవకాశం లేదు. ఇవీ కారతాయి, అప్పుడు వచ్చే తెల్లటి ఉప్పు క్షారం కనుక దానికి సోడా పనికిరాదు, నిమ్మరసం కావాలి.

నడుమ ఒక పొరపాటు జరిగింది. స్ప్రేయర్లు బాగుచేసే ఒక కుర్రాడు, ఇవి మూడు కాదు, రెండు చాలు అంటూ లిథియం సెల్లులు రెండు ఇరికించి, ఖాళీలో రేకుముక్క పెట్టి మీట నొక్కాడు. ఒక్కొక్కటి 3.7 వోల్టులు, రెండూ కలిస్తే 7.4, బల్బేమో 3.8 వోల్టులది. తెల్లగా ఒక మెరుపు మెరిసి బల్బు మాడిపోయింది. ఆ బల్బు వెదకడం సెల్లులు వెదకడం కన్నా కష్టమని అప్పుడే తెలిసింది.

మూడేళ్ళుగా వాడుతున్నవి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జి సెల్లులు. డి సైజు పేరుతో ఆన్‌లైనులో తెప్పించిన మొదటి జత చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. లావు డొల్లలో సన్నసెల్లు పెట్టి అమ్ముతున్నారు. ఈ రకంలో నిజమైన డి సెల్లు సుమారు నూటయాభై గ్రాములు తూగుతుంది, కాబట్టి కాటా మీద పెట్టి చూడడమే పరీక్ష. వాటిని తిప్పి పంపి, అదే రీచార్జి రకంలో డబుల్ ఏ సైజు సన్నసెల్లులు మూడు, వాటిని తొడిగే ప్లాస్టిక్ డొల్లలు మూడు కొన్నాను. డొల్లకు రెండు కొనలా లోహపు బిళ్ళ ఉన్నదే కొనాలి. అది లేనిదైతే స్ప్రింగు అందదు.

వీటి వోల్టేజి 1.2 మాత్రమే కదా, వెలుగు మందగిస్తుందేమో అనుకున్నాను. అలా జరగలేదు. జింక్ కార్బన్ సెల్లు 1.5తో మొదలైనా బల్బు లాగే కరెంటుకు త్వరత్వరగా దిగిపోతుంది, ఇది 1.2 దగ్గరే చివరిదాకా నిలుస్తుంది. 2000 ఎమ్ఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు, అంటే రెండు ఆంపియర్లు గంటసేపు ఇచ్చే శక్తి) సెల్లులతో, 0.3 ఆంపియర్ల బల్బు ఆరు గంటలు దాటి వెలిగింది. అయితే అయిపోయేటప్పుడు ముందుగా చెప్పదు, ఉన్నట్టుండి చీకటి. ఈ రీచార్జి సెల్లుల్లో మామూలు రకం ఊరికే ఉన్నా నెలలో ఐదోవంతు ఖాళీ అవుతుంది కనుక, ఛార్జిని చాలాకాలం నిలుపుకునే రకమే కొనడం మేలు.

నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే, బరువు. పాత సెల్లులు మూడూ కలిసి పావుకిలోకు పైనే తూగేవి. డొల్లలతో కలిపినా వీటి బరువు అందులో సగం లేదు. ఈ టార్చి చేతిలో ఉంటే ఊరకుక్కలు దగ్గరికి రావని నాయన అనేవాడు. అందుకని ఊరికి పోయేటప్పుడు మాత్రం గీజరు కొట్టు సెల్లులు మూడు వేసుకుని, తిరిగి రాగానే తీసి బయట పెడుతున్నాను.