ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌లో డిస్క్ కోటా: ఆరేళ్లు వాడాక

మా టీమ్‌లో 60 మంది హోం ఫోల్డర్లు ఒకే లినక్స్ సర్వర్‌లో ఉంటాయి, ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా అందరి మెషీన్లకూ వెళ్తాయి. ఆరేళ్లుగా ఆ సర్వర్ చూసుకునేది నేనే. ఒకరి లాగ్ ఫైలు అదుపు లేకుండా పెరిగి అందరి పనీ ఆగిపోయిన రోజున కోటా, అంటే ఒక్కొక్కరు ఎంత డిస్క్ వాడొచ్చనే లిమిట్, పెట్టాను. అప్పటి నుంచి డిస్క్ మొత్తం నిండిపోవడమనేది మళ్లీ జరగలేదు. ఆ ఒక్క పనికి దీనికి పూర్తి మార్కులు వేస్తాను. ఇబ్బందల్లా ఒకటే, లిమిట్ తగిలిన మనిషికి అసలేం జరిగిందో తెలియదు.

మొదటి ఏడాదే ఒక ఉదయం ఒకావిడ ఫోన్ చేశారు. “లాగిన్ అవట్లేదండీ, పాస్‌వర్డ్ కరెక్టే, స్క్రీన్ ఒక్క క్షణం నల్లగా అయి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తోంది.” పాస్‌వర్డ్ మార్చి చూశాను, అదే తంతు. గంట పోయాక సర్వర్‌లో రెప్‌కోటా (ఎవరెంత వాడారో చూపించే కమాండ్) నడిపితే విషయం బయటపడింది. మామూలుగా పేరు పక్కన రెండు గీతలు ఉంటాయి. ఆవిడ పేరు పక్కన మొదటి గీత బదులు ప్లస్ గుర్తు ఉంది, అంటే లిమిట్ దాటింది; గ్రేస్ (గడువు) కాలమ్‌లో ‘నన్’ అని ఉంది, అంటే గడువు అయిపోయింది. సాఫ్ట్ లిమిట్ (కొన్నాళ్లు దాటనిచ్చే హద్దు) 20 జీబీ, హార్డ్ లిమిట్ (ఎప్పుడూ దాటనివ్వని హద్దు) 25 జీబీ, వాడింది 21. సాఫ్ట్ లిమిట్ దాటాక డిఫాల్ట్‌గా 7 రోజుల గడువు ఉంటుంది. అది అయిపోతే 25 దాకా వెళ్లే వీలుండదు, కొత్తగా ఒక్క బ్లాకు (డిస్క్‌లో చోటు కొలిచే ముక్క) కూడా రాయనివ్వదు. లాగిన్ అయ్యేటప్పుడు డెస్క్‌టాప్ హోం ఫోల్డర్‌లో చిన్న ఫైలు ఒకటి రాయాలి, అది రాయలేక వెనక్కి తన్నేసింది. 2 జీబీ చెత్త తీసేయగానే లాగిన్ అయింది.

దీనికంటే నన్ను బాధపెట్టింది ఖాళీ ఫైళ్ల వ్యవహారం. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో మన మెషీన్ డేటాను ముందు తన మెమరీలో పెట్టుకుని తర్వాత సర్వర్‌కి పంపుతుంది. అందువల్ల కోటా దాటిందన్న ఎర్రర్ చాలాసార్లు రాసేటప్పుడు కాకుండా ఫైలు మూసేటప్పుడు వస్తుంది. మూసేటప్పుడు ఎర్రర్ చూడని ప్రోగ్రామ్ అయితే అంతా సవ్యంగా జరిగినట్టే ఉంటుంది. మా సొంత స్క్రిప్టు ఒకటి అలాగే రాత్రంతా నడిచి, తెల్లారేసరికి సున్నా బైట్ల ఫైళ్లు మిగిల్చింది. ఒక మనిషి మూడు రోజుల లెక్కలు పోయాయి. ఆ స్క్రిప్టులో ఎఫ్‌సింక్ (డేటాను వెంటనే సర్వర్‌కి పంపించేది), క్లోజ్ (ఫైలు మూసేది) రెండింటి ఫలితాన్నీ చూసేలా మార్చాకే నాకు నిద్ర పట్టింది.

“నా ఫోల్డర్ 9 జీబీయే, కోటా 24 అంటోందేంటి?” అని ఏడాదికి పది మందైనా అడుగుతారు. యూజర్ కోటా లెక్క ఫైలు ఎక్కడుందనేదాన్ని బట్టి కాదు, ఓనర్ ఎవరనేదాన్ని బట్టి. షేర్డ్ ఫోల్డర్‌లో వాళ్లు ఎప్పుడో పెట్టి మర్చిపోయినవీ వాళ్ల ఖాతాలోకే వస్తాయి. ఫోల్డర్ సైజు చూపే డీయూ కమాండ్‌తో కుస్తీ పట్టకుండా సర్వర్ మీద ఫైండ్ కమాండ్‌తో ఆ యూజర్ పేరిట ఉన్నవన్నీ వెతకండి, ఐదు నిమిషాల్లో దొరుకుతాయి. ‘.ఎన్‌ఎఫ్‌ఎస్’ అని మొదలయ్యే వింత పేర్ల ఫైళ్లు కనిపిస్తే, అవి ఏదో ప్రోగ్రామ్ తెరిచి పెట్టుకుని ఉండగా డిలీట్ చేసినవి. ఆ ప్రోగ్రామ్ ఆగేదాకా చోటు తిరిగి రాదు. జీబీలు మిగిలి ఉన్నా రాయనివ్వట్లేదంటే ఫైళ్ల సంఖ్య మీద పెట్టిన లిమిట్ చూడండి.

ఇంకో చిక్కు ఫైర్‌వాల్. ఎన్‌ఎఫ్‌ఎస్ 4కి 2049 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు, కోటా కూడా సర్వర్‌లో చక్కగా అమలవుతుంది. కానీ క్లయింట్ (యూజర్ మెషీన్) నుంచి ‘నాకెంత మిగిలింది’ అని అడిగే ప్రశ్నకు జవాబిచ్చేది ఆర్‌పీసీ ఆర్‌కోటాడీ అనే వేరే సర్వీసు. దాని దారి మూసి ఉంటే యూజర్‌కి తన లెక్క కనబడదు, దెబ్బ మాత్రం తగులుతుంది. మేం దాన్ని 875 పోర్టుకి కట్టేసి, ఏ సర్వీసు ఏ పోర్టులో ఉందో చెప్పే 111తో పాటు తెరిచాం.

రెండేళ్ల క్రితం షేర్డ్ ఫోల్డర్లను ఎక్స్‌ఎఫ్‌ఎస్ (లినక్స్‌లో ఒక ఫైల్‌సిస్టమ్) ప్రాజెక్ట్ కోటాకి మార్చాను. ఫోల్డర్‌కే లిమిట్ కాబట్టి ఓనర్ల గొడవ పోయింది, నాకు బాగా నచ్చింది. కాకపోతే రీమౌంట్‌తో ఆన్ అవదు, అన్‌మౌంట్ చేసి (డిస్క్‌ను పూర్తిగా వాడకం నుంచి తీసి) మళ్లీ మౌంట్ చేయాల్సిందే, దానికో రాత్రి పట్టింది. పైగా లిమిట్ దాటితే ‘కోటా మించింది’ అనకుండా ‘డివైస్‌లో చోటు లేదు’ అంటుంది. డీఎఫ్ (డిస్క్‌లో ఖాళీ ఎంతో చూపే కమాండ్)లో సగం డిస్క్ ఖాళీగా కనిపిస్తుంటే ఆ మాట చూసి మొదటిసారి డిస్కే పాడైందేమో అని టెన్షన్ పడ్డాను.

ఇప్పుడు సాఫ్ట్ లిమిట్ దాటిన రోజే యూజర్‌కి తెలుగులో మెయిల్ వెళ్తుంది. ఎంత వాడారు, ఏ తేదీకి గడువు అయిపోతుంది, వాళ్ల పేరిట ఉన్న పది పెద్ద ఫైళ్లు ఎక్కడున్నాయి, అన్నీ అందులోనే ఉంటాయి. చాలామంది ఆ సాయంత్రమే తీసేస్తున్నారు.