మెల్స్ చర్చిలో చెక్క శిలువ

ఇంగ్లండులో ఫ్రూమ్ దగ్గర మెల్స్ అనే ఊరి చర్చిలో ఒక చెక్క శిలువ చూడాలని మా ఆయన, అత్తయ్య, నేను బయల్దేరాం. బ్రిస్టల్ నుంచి ఫ్రూమ్‌కి రైలు ప్రయాణం హాయిగా సాగింది. ఇబ్బందంతా రాత్రి దిగిన బసలోనే. ముగ్గురికి గది 110 పౌండ్లు, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి అని బుకింగ్‌లో స్పష్టంగా ఉంది. మార్చి చలిలో రాత్రి పదికే హీటర్ ఆపేశారు. అత్తయ్య వణుకుతుంటే ఇంకో దుప్పటి అడిగాను. 6 పౌండ్లు అన్నారు, ఇచ్చాం. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ ఇద్దరికేనని చెప్పి ఇంకో 9.50 వసూలు చేశారు. బుకింగ్ చూపిస్తే ఆ మనిషి తలెత్తి కూడా చూడలేదు. డబ్బు పోతే పోయింది, డెబ్బై ఏళ్ల మనిషిని చలికి వదిలేశారన్న కోపం నాకింకా తగ్గలేదు. చలికాలంలో అటు వెళ్లేవాళ్లు హీటర్ రాత్రంతా ఉంటుందా అని అడిగాకే డబ్బు కట్టండి.

మెల్స్‌కి టాక్సీ 15 పౌండ్లు. దారంతా మా ఆయన నోరు విప్పలేదు. "ఒక చర్చి కోసం ఇంత దూరమా అమ్మా?" అని అత్తయ్య ఒక్కసారి అడిగి ఊరుకున్నారు.

సెయింట్ ఆండ్రూస్ చర్చిలో గుర్రం మీద ఒక యువకుడి కంచు విగ్రహం ఉంది. ఎడ్వర్డ్ హార్నర్, ఆ ఊరి జమీందారు కొడుకు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 నవంబరులో ఫ్రాన్స్‌లోని కాంబ్రై పోరులో పోయాడు. విగ్రహం చేసింది చిత్రకారుడు మన్నింగ్స్, పీఠం గీసింది ఆర్కిటెక్ట్ లట్యెన్స్. ఢిల్లీలో మన నిజాంకి హైదరాబాద్ హౌస్ గీసిచ్చింది ఈ లట్యెన్సే. నేను చూడాలని వచ్చింది ఆ పీఠానికే బిగించి ఉంది: ఫ్రాన్స్‌లో అతని సమాధి మీద పాతిన అసలు చెక్క శిలువ.

అత్తయ్యకి మెల్లగా చెప్పాను. 1915 నుంచి సైనికుల శవాలు ఇంగ్లండుకి తేకూడదన్నారు. జమీందారైనా కూలివాడైనా పోయిన దేశంలోనే పూడ్చాలి. యుద్ధమయ్యాక చెక్క శిలువలు పీకి, అందరికీ ఒకే కొలతతో రాళ్లు నిలబెట్టారు. కావాలన్న కుటుంబాలు పాత శిలువ తీసుకోవచ్చన్నారు. అలా వచ్చినవే ఇంగ్లండులో ఎన్నో ఊరి చర్చిల్లో గోడలకి కనిపిస్తాయి. ఎవరూ అడగని వాటిని కాల్చేశారు.

"కన్నతల్లిని కడసారి చూసుకోనివ్వలేదా?" అన్నారు అత్తయ్య.

చెప్పులు విడిచి, ఆ చెక్క ముందు చాలాసేపు నిలబడిపోయారు. హార్నర్ తమ్ముడు చిన్నప్పుడే జ్వరంతో పోయాడు. బావ రేమండ్ ఆస్క్విత్, అప్పటి ప్రధానమంత్రి కొడుకు, 1916 సెప్టెంబరులో సోమ్ యుద్ధంలో పోయాడు. అతని స్మారకం కూడా ఆ చర్చిలోనే ఉంది. ఒక్క ఇంట్లో అంత శోకం! మా ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను.

లోపలికి టికెట్ లేదు, హుండీలో 10 పౌండ్లు వేశాం. బాత్ నగరం చూడ్డానికి వెళ్లేవాళ్లు ఒక పూట దీనికి తప్పకుండా కేటాయించండి. రాత్రి ఉండక్కర్లేదు, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

తిరుగు రైల్లో అత్తయ్య గుంటూరుకి ఫోన్ చేశారు. దుప్పటి సంగతి ఎత్తలేదు. ఆ తల్లి గురించే మామయ్యగారికి చెబుతూ కూర్చున్నారు.