కొత్త సంచిక పేరుతో 2019 నాటి అసిమోవ్స్ పత్రిక అంటగట్టారు, జాగ్రత్త

విదేశీ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథల పత్రికలు తెప్పించి ఇస్తామనే ఆ అమ్మకందారు ఎవరో మనలో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. అసిమోవ్స్ సైన్స్ ఫిక్షన్ అనే అమెరికా పత్రిక ఏడాది చందాకు, అంటే రెండు నెలలకొకటి చొప్పున ఆరు సంచికలకు, నేను జూన్‌లో రూ.7,200 యూపీఐ ద్వారా ముందే చెల్లించాను. మూడు నెలలు ఏమీ రాలేదు. అడిగినప్పుడల్లా అమెరికాలో యాజమాన్యం మారిందని, అందుకే ఆలస్యమవుతోందని చెప్పేవారు. 2025లో అసిమోవ్స్, ఎనలాగ్, ఫాంటసీ అండ్ సైన్స్ ఫిక్షన్ పత్రికలు మూడూ నిజంగానే చేతులు మారాయి కనుక ఆ మాట నమ్మి ఊరుకున్నాను.

నిన్న సాయంత్రం రెండు సంచికలతో పార్సిల్ వచ్చింది. అట్ట మీద నెల, సంవత్సరం ఉండవలసిన చోట తెల్లని స్టిక్కర్ అంటించి, దాని మీద బాల్‌పెన్నుతో ‘లేటెస్ట్’ అని రాశారు. కాగితాల అంచులు అప్పటికే పసుపుబారి ఉన్నాయి. గోటితో స్టిక్కర్ మూల లేపితే, దానితో పాటు అట్ట రంగు కూడా కొంత ఊడి వచ్చి, కింద మార్చి/ఏప్రిల్ 2019 అని కనిపించింది. అప్పటికీ మనసొప్పక విషయసూచిక తీసి చూశాను. 43వ సంపుటం అని అచ్చయి ఉంది. 1977లో మొదటి సంపుటం వెలువడి, ఏడాదికొక సంపుటం చొప్పున వస్తున్న పత్రికకు 43వ సంపుటం ఏ సంవత్సరానిదో లెక్క వేయడానికి ఎంతసేపు పడుతుంది? రెండవదీ అదే ఏడాదిది.

వెంటనే ఫోన్ చేశాను. అవతలి మనిషి ఏమాత్రం తడబడలేదు. “ఈ కథలు మీరు ఇంతకుముందు చదివారా సార్? చదవలేదు కదా. చదవనప్పుడు మీకవి కొత్తవే” అన్నాడు. డబ్బు తిరిగి ఇమ్మంటే, చందా కట్టాక వాపసు ఉండదని చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆ తరువాత నా నంబరును బ్లాక్ చేశాడు.

డబ్బు పోయినందుకన్నా ఆ మాటకే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. కొత్త సంచిక కోసం ఎదురుచూసేవాడు కేవలం తాను చదవని కథల కోసం ఎదురుచూడడు. ఈ నెల ప్రపంచమంతటా పాఠకులు చదువుతున్న కథను వారితో పాటే చదివి, ఏడాది చివర ఆ పత్రిక పాఠకుల పురస్కారానికి తనకు నచ్చిన కథను ఎంచి పంపాలని, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో పురస్కారానికి ఏవి నామినేట్ అవుతాయో ముందే ఊహించుకోవాలని ఎదురుచూస్తాడు. నాకు వచ్చిన సంచిక చివరి పుటల్లో రాబోయే సమావేశాల జాబితా ఉంది. అవన్నీ ఆరేళ్ల కిందటే ముగిసిపోయాయి. పాతవని నిజం చెప్పి అమ్మితే అభ్యంతరమే లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇటువంటి పాత సంచికలు కనిపిస్తే ఒక్కటీ వదలకుండా ఇంటికి తెచ్చుకునేవాడిని నేను. తేదీని కప్పిపెట్టి అమ్మడమే మోసం.

తప్పు నాది కూడా ఉంది. ఒక్క సంచికైనా చేతికి రాకముందే ఏడాది సొమ్మంతా కట్టకూడదని నాకు తెలుసు. అయినా కాగితం మీద చదవాలన్న ఆశతో కట్టాను. మా ఆవిడ అప్పుడే వద్దన్నది, వినలేదు.

ఈ ఉదయం 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. స్టిక్కర్‌తోనూ, స్టిక్కర్ తీశాకా తీసిన ఫోటోలను జతచేశాను. అదే అమ్మకందారుకు చందా కట్టినవారు ఉంటే మీరు కూడా దయచేసి ఫిర్యాదు చేయండి. ఇకపై కొనేవారు డబ్బు పంపే ముందు విషయసూచిక పుట ఫోటో అడిగి, సంపుటం సంఖ్య చూసుకోండి. అట్ట ఫోటో ఒక్కటే చూసి నమ్మవద్దు. కొత్త కథలు వెంటనే కావాలంటే క్లార్క్స్‌వరల్డ్, స్ట్రేంజ్ హొరైజన్స్ పత్రికలను ఆన్‌లైన్‌లో ఉచితంగానే చదవవచ్చు.